అయ్యాష్ తాత రాయి

“మనిషి అబద్ధం చెప్తాడు! కాగితం అబద్ధం చెప్తుంది! రాయి మాత్రం అబద్ధం చెప్పదు!”

ఈ మహావాక్యం దైఫల్లా గారిది. రోజూ సాయంకాలపు నమాజు కాగానే ఆయన తన అతిథిశాలలో, కాఫీ పొయ్యి పక్కనున్న పెద్దపీట మీద కూర్చుని, దిండు మీద మోచెయ్యి ఆన్చి, దీన్ని లోకానికి ప్రసాదించేవారు. లోకం అంటే సమ్రా లోయలోని పెద్దమనుషులు. వాళ్ళు తలలూపేవారు. ఊపక ఏం చేస్తారు? ఖర్జూరాలు ఆయనవి, కాఫీ ఆయనది, దిండ్లు ఆయనవి. వాళ్ళవంటూ అక్కడున్నవి తలకాయలే!

ఇంతకీ ఆ రాయి ఊరి బయట, పూర్వం హజ్ యాత్రికులు మక్కాకు నడిచిపోయిన దారి పక్కన ఉంది. నిలువెత్తు నల్లబండ. దాని పైభాగాన రెండు వరుసల రాత. అరబ్బీ అక్షరాలకు చుక్కలు కూడా పెట్టని కాలం నాటిది. మొదటి వరుసలో ‘ఓ అల్లాహ్, క్షమించు’ అని ఉంటుంది. రెండో వరుసలో ‘ముర్రా కొడుకు అయ్యాష్‌ను’ అని ఉంటుంది. ఆ కిందంతా రాళ్ళ గుట్ట, రాళ్ళ సందుల్లో తరాల ఇసుక.

దైఫల్లా గారి ఇంటిపేరు అయ్యాష్ వారు. ఇంకేం కావాలి? ముర్రా కొడుకు అయ్యాష్ తొలినాటి సైన్యాలతో వచ్చిన సేనాపతి అనీ, ఈ లోయను కత్తితో గెలిచాడనీ, గెలిచిన ఊపులో గుర్రం దిగి ఈ అక్షరాలు చెక్కాడనీ ఆయన సెలవిచ్చేవారు. గుర్రం సంగతి రాయి మీద లేదు. కత్తి సంగతీ లేదు. “సేనాపతి కానివాడు క్షమించమని రాయి మీద చెక్కుకునేంత పాపం ఎలా చేస్తాడయ్యా?” అని ఆయన వాదన.

ఆ రాళ్ళ గుట్ట పేర్చింది దైఫల్లా గారి తాత ముత్లక్. హజ్‌కు పోతున్న ఒక పండితుడు బండ మీది రాతంతా చదివి చెప్పిన మర్నాడే, ఒంటెలు ఒరుసుకుని అక్షరాలు పాడుచేస్తాయని చెప్పి, తన చేతులతో తనే రాళ్ళు మోసి గుట్ట పేర్చాడట. ఆ ముత్లక్ తాత మంచినీళ్ళ గిన్నె కూడా ఎవరైనా అందిస్తేనే తాగిన మహానుభావుడు. అంతటివాడు రాళ్ళు మోశాడంటే వంశాభిమానం ఎంతటిదో చూడండి!

ఊరికి కొత్తగా ఎవరొచ్చినా దైఫల్లా గారు ముందు ఆ బండ దగ్గరికి తీసుకెళ్ళి, తాత కోసం ‘ఆమీన్’ అనిపించేవారు. భోజనం ఆ తర్వాతే.

అలాంటి ఇంటికి ఒక సాయంత్రం సువైలిం పిల్లనడగడానికి వచ్చాడు.

సువైలిం వెల్డింగ్ షాపు మనిషి. వహబ్ కమ్మరి సంతతి అని వాళ్ళ ఇంటి గురించి ఊరంతా చెప్పుకునేది, చెప్పుకుని నవ్వుకునేది. దైఫల్లా గారి ఇంటికి ఏనుగు పట్టేంత గేటు చేసింది సువైలిమే. గోడకు వేలాడే కత్తిని సానపట్టిందీ అతనే. కాఫీ కూజాకు అతుకు వేసిందీ అతనే. అతని కొడుకు ఫైహాన్ కళ్ళ డాక్టరు. దైఫల్లా గారి కుడికంటి శుక్లం తీసి, తాత పేరును మళ్ళీ ఆయన కళ్ళారా చూసుకునేలా చేసింది అతనే. కంట్లో చుక్కలు వేయించడానికి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూతురు జౌజా. ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పే పిల్ల. కన్ను నయమైపోయాక కూడా చుక్కల కోసం ఆయన్ని చాలా రోజులే తీసుకెళ్ళింది. దైఫల్లా గారు కూతురి పితృభక్తికి మురిసిపోయారు.

సువైలిం చేతికి ఇచ్చిన కాఫీ గిన్నెను తాగకుండా నేలమీద పెట్టాడు. ఆ లోయలో అదో పద్ధతి. మనసులో కోరిక పెట్టుకుని వచ్చినవాడు, ఇంటివాడు సరేననే దాకా కాఫీ ముట్టడు. ముట్టకుండానే లేచిపోయాడా, ఇంటివాడి పరువు వీధిన పడ్డట్టే.

“తాగు సువైలిం, చల్లారిపోతుంది,” అన్నారు దైఫల్లా గారు.

“మీ మాట కోసం చూస్తున్నా, అబూ ముత్లక్,” అన్నాడు సువైలిం. పెద్దకొడుక్కి తాత పేరే పెట్టుకున్నారు కాబట్టి మర్యాద తెలిసినవాళ్ళు ఆయన్ని అలా ముత్లక్ తండ్రీ అనే పిలుస్తారు. “మీ జౌజాని మా ఫైహాన్‌కి ఇమ్మని అడగడానికి వచ్చాను.”

అతిథిశాలలో ఖర్జూరాలు నమిలే దవడలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

“కుర్రాడు బంగారం. వాడి మీద ఈగ వాలనివ్వను. కానీ చూడు సువైలిం, మేం కత్తి పట్టినవాళ్ళం...”

“ఆ కత్తి సానపట్టింది మేమే కదా!”

“అదే నేను చెప్పేది! పట్టడం వేరు, సానపట్టడం వేరు. నాకేం పట్టింపు లేదయ్యా. నలుగురూ ఏమనుకుంటారు?”

ఆ నలుగురూ అక్కడే దిండ్లకు ఆనుకుని ఉన్నారు. ‘మేమేం అనుకోం’ అనబోయిన ఒకాయన, ఇంటాయన చూపు చూసి, దగ్గుతో సరిపెట్టుకున్నాడు.

దైఫల్లా గారు దిండు మీద చరిచారు. “మా తాత పేరు ఊరి బయట రాయి మీద ఉంది. మీ వహబ్ పేరు ఎక్కడుంది? ఒక్క బండ మీద చూపించు. చూపించిన రోజున పిల్లనిస్తాను! రాయి అబద్ధం చెప్పదు!”

సువైలిం లేచి వెళ్ళిపోయాడు. కాఫీ అక్కడే చల్లారిపోయింది.

లోపలికి రాగానే దైఫల్లా గారి భార్య మూదీ తగులుకుంది. “మన ఇంట్లో కాఫీ ముట్టకుండా పోయాడా? రేపు ఆ గేటు కీలు ఊడితే మీ సేనాపతి తాత వచ్చి అతుకుతాడా?”

“ఊరుకోవే! వంశం మాట్లాడుతుంటే కీళ్ళ గొడవేమిటి?”

జౌజా మాత్రం ఏడవలేదు, అలగలేదు. “నాన్నా, వహబ్ పేరు రాయి మీద కనిపిస్తే నిజంగా ఇస్తారా?” అని మాత్రం అడిగింది.

“అంతమందిలో అన్నానమ్మా! అయ్యాష్ వారు మాట తప్పరు!”

జౌజా తన గదిలోకి వెళ్ళి, విశ్వవిద్యాలయంలో తనకు పాఠాలు చెప్పిన డాక్టర్ అఫ్రాకు ఫోన్ చేసింది. ఆవిడ ఇప్పుడు పురావస్తు శాఖలో రాతిరాతలు చదివే నిపుణురాలు.

ఈలోగా దైఫల్లా గారి సవాలు ఊరంతా పాకింది. రాయి లేని ఇంటికి సంబంధాలు రావని పుకారు పుట్టింది. శుక్రవారం వస్తే చాలు, జీపులేసుకుని జనం కొండల మీద పడేవారు, ఎవరి తాతను వాళ్ళు వెతుక్కోవడానికి! ఒకాయనకు అక్షరమే లేని బండ దొరికింది. దాని మీద ఒంటె బొమ్మ ఉంది. “అంటే మావాళ్ళు ఒంటెలున్న మారాజులన్నమాట!” అని ఆయన ఆ రాత్రే గొర్రెను కోసి విందు చేశాడు. ఇంకొకాయనకు, తాత పాపాలను ‘మొదటివీ చివరివీ’ క్షమించమన్న రాత దొరికింది. ఆయన పక్కింటాయన తాతేమో ఉత్త ‘పాపాన్ని’ మాత్రమే క్షమించమని అడిగాడు. అది మొదలు, “మీ తాతకి ఒక్క పాపం! మా తాతకి మొదలూ చివరా ఉన్నంత పొడుగు లెక్క!” అని మొదటాయన రెండో ఆయనతో మాట్లాడ్డం మానేశాడు.

డాక్టర్ అఫ్రా వచ్చింది. దైఫల్లా గారు ఎదురెళ్ళి, అలవాటు ప్రకారం బండ దగ్గరికి తీసుకెళ్ళి, ఆమీన్ అనిపించి, అప్పుడు గానీ కుశలం అడగలేదు. వెంట ఊళ్ళో సగం మంది ఉన్నారు. సువైలిం కూడా వెనకెక్కడో నిలబడ్డాడు.

అఫ్రా బండను అటునుంచీ ఇటునుంచీ చూసింది. “చాలా పాత రాత. ఎంత బాగుందో! కానీ సగమే కనిపిస్తోంది బాబాయ్. ఈ గుట్ట తీసి మొత్తం చదివితేనే ప్రభుత్వం బోర్డు పెట్టి కంచె వేస్తుంది.”

“తీయించేద్దాం! పండగ చేసి మరీ తీయిద్దాం!”

“ఇంకొక్క మాట. ఆ రోజుల్లో అయ్యాష్ అనే పేరు చాలామందికి ఉండేది. ఆ పేరుగల మనిషొకడు ఈ దారిన పోయాడు, ఇక్కడ ఆగాడు. ఈ రాయి ఇచ్చే సాక్ష్యం అంతవరకే. ఆయన మీ తాతే అని రాయి చెప్పట్లేదు.”

“నేను చెప్తున్నానుగా!”

“మీరు చెప్పేది సాక్ష్యం కాదు బాబాయ్, అభిమానం.”

దైఫల్లా గారికి ఒళ్ళు మండిపోయింది. సువైలిం ముందు, ఊరి ముందు, ఇదా మాట! ఆయన ఒక రాయెక్కి నిలబడ్డారు. “అందరూ వినండి! ఈ బండ మీదున్న అయ్యాష్ నా తాత! నా నెత్తురు! ఈ బండ మీద ఏం రాసి ఉంటే అదే నా వంశచరిత్ర! కాదన్నవాడు నాకు శత్రువు!”

“ఈ మాట రాసుకోనా బాబాయ్?”

“రాసుకోవడమేంటి, చెక్కుకో!”

అనుకున్న రోజున బండ చుట్టూ డేరాలు లేచాయి. తివాచీలు పరిచారు. మాంసం పులావు పళ్ళేలు ఎడారిలో ఉన్నాయన్న మాటే గానీ పెళ్ళివారి పళ్ళేల్లా ఉన్నాయి. మునిసిపల్ అధ్యక్షులు, అరబ్బు జాతి ఘనతతో మొదలుపెట్టి ఊళ్ళో కొత్తగా వేయబోయే మురుగు కాలువ దగ్గర ముగించిన ఒక ఉపన్యాసం ఇచ్చి, దైఫల్లా గారి కుడిపక్కన కూర్చున్నారు. సువైలింనూ అతని కొడుకునూ ప్రత్యేకంగా పిలిపించి, అన్నిటికంటే వెనక, చెప్పుల దగ్గర కూర్చోబెట్టారు. వాళ్ళు కళ్ళారా చూడాలిగా మరి!

బంధువులు ‘నేనంటే నేను’ అని పోటీపడి గుట్టలోని రాళ్ళు తీసి పారేశారు. అఫ్రా, జౌజా చెరో కుంచె పట్టుకుని బండ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఇసుక రాలుతోంది. మూడో వరుస బయటపడింది.

“‘వాడి పాపాలన్నిటినీ, మొదటివీ చివరివీ’,” అని చదివింది అఫ్రా.

“అన్నిటినీ! విన్నారా, అన్నిటినీ!” దైఫల్లా గారు లేచి నిలబడ్డారు. డేరాలు చప్పట్లతో ఊగిపోయాయి. “మొదటివీ చివరివీ! ఆమీన్ అనండర్రా!”

అందరూ ఆమీన్ అన్నారు. అఫ్రా నాలుగో వరుస మీద కుంచె ఆడించి, ఆగి, కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ చూసింది. జౌజా కూడా చూసింది. చూసి తల వంచుకుంది గానీ, ఆ వంచుకున్న ముఖంలో నవ్వు ఆపుకోవడం తండ్రికి కనిపించలేదు.

“ఇక్కడ వహబ్ అనే కమ్మరి పేరు ఉంది బాబాయ్.”

వెనక చెప్పుల దగ్గర కలకలం. దైఫల్లా గారు తొణకలేదు. “ఉండక ఏం చేస్తుంది? సేనాపతి గుర్రానికి లాడాలు ఎవరు కొడతారు? పేరు కూడా వేసి గౌరవించాడు. పెద్ద మనసు మావాళ్ళది!”

“లాడాల సంగతి కాదు. మొత్తం చదువుతాను, వినండి. ‘ఓ అల్లాహ్, క్షమించు, ముర్రా కొడుకు అయ్యాష్‌ను, వాడి పాపాలన్నిటినీ, మొదటివీ చివరివీ. కమ్మరి వహబ్ విడిపించిన బానిస వీడు. వహబ్‌ను కూడా క్షమించు. చదివి ఆమీన్ అన్నవాణ్ణి కూడా క్షమించు.’”

డేరాల్లో తలలన్నీ వెనక్కి, చెప్పుల వైపు తిరిగాయి.

“ఆమీన్!” అన్నాడు వెనక నుంచి సువైలిం. లోయ అవతలి కొండ కూడా ఆ మాట తిరిగి అంది.

దైఫల్లా గారు మెల్లగా కూర్చున్నారు. ఆయన కళ్ళ ముందు ముత్లక్ తాత మెదిలాడు. మంచినీళ్ళ గిన్నె ఎత్తని ఆ తాత, పండితుడు చదివి చెప్పిన మర్నాడే ఎందుకు రాళ్ళు మోశాడో ఆయనకు ఇన్నాళ్ళకు బోధపడింది. ఆ శుక్లం తీయించుకోకుండా ఉన్నా బాగుండేదనిపించింది.

“డాక్టరమ్మా,” అన్నారు గొంతు తగ్గించి. “మొన్న నువ్వేదో అన్నావే... అయ్యాష్ అనే పేరు ఆ రోజుల్లో చాలామందికి ఉండేదనీ...”

“అన్నాను బాబాయ్. మీరు చెక్కుకోమన్నారు.”

మునిసిపల్ అధ్యక్షులు “ఇక్కడ ఎండ తగుల్తోంది,” అంటూ లేచి, నీడ బొత్తిగా లేని వెనకవైపుకు వెళ్ళి, సువైలిం గారి కుడిపక్కన కూర్చున్నారు. అవునండీ, ఇకనుంచి సువైలిం గారే. ఊరంతా అలాగే అంటోంది, మనమెవరం కాదనడానికి? ఖర్జూరాల పళ్ళెం ముందుగా ఆయన దగ్గరికే వెళ్ళింది. అతిథిశాలలో దగ్గుతో సరిపెట్టుకున్న పెద్దమనిషి, తన దిండు తెచ్చి ఆయన మోచేతి కింద పెట్టాడు. ఒక్క క్షణంలో అగ్రాసనం చెప్పుల దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది!

దైఫల్లా గారు లోయలోకెల్లా తెలివైనవారు. ఆయన గొంతు సవరించుకుని లేచారు.

“సోదరులారా! ఈ వంశాలేమిటి, ఈ గొప్పలేమిటి? దేవుడి ముందు అందరూ సమానమే! నేను మొదట్నుంచీ అదే చెప్తున్నాను!”

“ఎప్పుడు?” అంది ఆడవాళ్ళ డేరాలోంచి మూదీ గొంతు.

ఆయన వినిపించుకోలేదు. కాఫీ గిన్నె చేత్తో పట్టుకుని, జనాన్ని దాటుకుంటూ వెళ్ళి, సువైలిం గారి ఎదుట మఠం వేసుకుని కూర్చున్నారు. గిన్నెను తాగకుండా నేలమీద పెట్టారు.

“తాగండి, అబూ ముత్లక్,” అన్నారు సువైలిం గారు.

“మీ మాట కోసం చూస్తున్నా, అబూ ఫైహాన్! రాయి చూపిస్తే పిల్లనిస్తానన్నాను, రాయి చూపించారు. మా జౌజాని మీ ఇంటి కోడలిగా తీసుకోండి.”

సువైలిం గారు గడ్డం నిమురుకున్నారు. ఆ నిమరడంలో అంతకుముందు లేని నిదానం ఒకటి వచ్చి చేరింది.

“పిల్ల బంగారం. ఆమె మీద ఈగ వాలనివ్వను. కానీ చూడండి, మేం విడిపించినవాళ్ళం...”

“నాన్నా!” అన్నాడు ఫైహాన్, నెత్తిన పిడుగు పడ్డట్టు.

“నువ్వుండరా. పెద్దవాళ్ళు వంశం మాట్లాడుకుంటున్నారు. నాకేం పట్టింపు లేదు అబూ ముత్లక్. మా తాత దగ్గర పనిచేసినవాళ్ళింటి పిల్లను చేసుకుంటే, నలుగురూ ఏమనుకుంటారు?”

ఆ నలుగురూ ఇప్పుడు ఆయన చుట్టూ దిండ్లకు ఆనుకుని ఉన్నారు. చాలా అనుకుంటామన్నట్టుగా తలలూపారు. దైఫల్లా గారి ఎదుట కాఫీ చల్లారిపోతోంది. జీవితంలో మొదటిసారిగా ఆయనకు చల్లారే కాఫీ ఎంత బరువో తెలిసింది. కూతురి ముఖం చూడాలంటే సిగ్గేసింది.

అప్పుడే అఫ్రా కేక వేసింది. “బాబాయ్‌లూ! రాత ఇక్కడితో అయిపోలేదు! కింద ఇంకో చేతి రాత మొదలవుతోంది!”

అందరూ అటు తిరిగారు.

“‘ఓ అల్లాహ్, క్షమించు, వహబ్‌ను’ అని ఉంది. వహబ్ ఎవరి మనిషో ఆ కింద రాసుండాలి. అది ఇసకలో ఉంది.”

సువైలిం గారి చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. “ఎవరి మనిషో అంటే?”

“తీస్తేగానీ తెలీదు బాబాయ్. విడిపించినవాణ్ణి కూడా ఎవరో ఒకరు విడిపించి ఉండొచ్చుగా!”

“అంతే కాదు,” అంది జౌజా. ఆ అమ్మాయి లేచి నిలబడి, కుంచెకున్న ఇసుక దులుపుకుంటూ, ఇద్దరు పెద్దమనుషులనూ మార్చి మార్చి చూసింది. “విడుదలైనవాళ్ళలో ఇక్కడున్న ఎవరి తాతలైనా ఉండొచ్చు. జానెడు ఇసక ఉంది, అంతే. తియ్యమంటారా?”

“వద్దు!”

ఆ మాట దైఫల్లా గారిదో సువైలిం గారిదో చెప్పడం కష్టం. ఒకే నోట్లోంచి వచ్చినట్టు వచ్చింది. అంతేకాదు, దిండ్ల దగ్గరి నలుగురూ కూడా ‘వద్దు, వద్దు’ అన్నారు. ఎందుకైనా మంచిదని మునిసిపల్ అధ్యక్షులు కూడా అన్నారు. ఆయనకూ తాతలున్నారు మరి!

“అయితే ముందు ఆ కాఫీ సంగతి చూడండి,” అంది జౌజా, కుంచె మాత్రం దించకుండా.

సువైలిం గారు దైఫల్లా గారి గిన్నెను తీసి ఆయన చేతిలో పెట్టారు. “తాగు బావా! మనలో మనకి ఈ రాళ్ళ గొడవలేమిటి? పిల్ల మాది, పిల్లాడు మీవాడు!”

దైఫల్లా గారు చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశారు. అంత రుచైన కాఫీ తన ఇంట్లోనే ఎన్నడూ తాగలేదనిపించింది. ఆడవాళ్ళ డేరాలోంచి కిలకిలారావాలు లేచాయి. ఫైహాన్ నిలబడాలో కూర్చోవాలో తెలియక పులావు పళ్ళెం ముందు నిలబడిపోయాడు.

“అదంతా సంతోషమే,” అంది అఫ్రా. “మరి చరిత్ర?”

“చరిత్ర ఎక్కడికి పోతుందమ్మా? ప్రాచీన సంపదకి ఎండా వానా తగలకూడదు. ఈ శిలను కాపాడడం మునిసిపాలిటీ పవిత్ర బాధ్యత!” అని అధ్యక్షులు అక్కడికక్కడే ప్రకటించారు. “తక్షణ రక్షణ చర్యగా దీని చుట్టూ రాళ్ళు పేర్చాలి!”

జౌజా అఫ్రా చెవిలో గొణిగింది. “మీరు ఫోటో తీసుకున్నారుగా మేడమ్. మిగతాది, నా మెహర్ సొమ్ము చేతికొచ్చాక మనిద్దరం నిదానంగా చూద్దాం.”

రాళ్ళు పేర్చడానికి బంధువులు ముందుకొచ్చారు గానీ వియ్యంకులిద్దరూ వాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. తెల్లటి పండగ బట్టలు మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని, చెమటలు కక్కుతూ, ఒకరందిస్తే ఒకరు పేర్చారు. దారిన పోతున్న ఒక పొరుగూరి మనిషి జీపు ఆపి, “ఏం చేస్తున్నారు పెద్దలూ?” అని అడిగాడు.

“చరిత్రను కాపాడుతున్నాం!” అన్నారు ఇద్దరూ.

గుట్ట పాత ఎత్తుకు వచ్చింది. దైఫల్లా గారు అక్కడ ఆగలేదు. ముర్రా కొడుకు అయ్యాష్ ఉన్న వరుస ఎదుట ఇంకో రాయి, ఇంకో రాయి పెట్టి, పేరు కనిపించకుండా చేశారు. ఇప్పుడా బండ మీద పైకి కనిపించేది ఒక్క మొదటి వరుసే, ‘ఓ అల్లాహ్, క్షమించు’ అని.

జీపు మనిషి దాన్ని చదివి, “ఎవరినండీ?” అన్నాడు.

వియ్యంకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ముందు ఆమీన్ అనవయ్యా,” అన్నారు దైఫల్లా గారు. “భోజనం పెడతాం.”